గోడ పక్క బాటకు వెడల్పు టైరు

ఆ మనిషిని నేను ఇప్పటికీ క్షమించలేదు. క్షమించే ఉద్దేశం కూడా లేదు. వయసు పెరిగితే కోపం తగ్గుతుందంటారు. నాకు జుట్టు తగ్గింది గానీ కోపం తగ్గలేదు. కనకమామిడి వైపు వెళ్లినప్పుడల్లా ఆ తెల్లగోడ కనబడుతుంది, నా పళ్లు వాటంతటవే బిగుసుకుంటాయి.

సాఫ్ట్‌వేర్ వాళ్లు శని, ఆదివారాలు గడపడానికి మా దిక్కు తోటలు కొంటున్న రోజులవి. మొయినాబాద్ నుంచి చేవెళ్ల దాకా రోడ్డు పక్కన టీ తాగుదామని కూర్చుంటే చాలు, గ్లాసు చేతికి రాకముందే ఎవడో ఒకడు వచ్చి "అన్నా, జాగ ఉన్నదా?" అని అడిగేవాడు. మంగలి షాపువాడు బ్రోకరు, కిరాణా షాపువాడు బ్రోకరు. నిన్నటిదాకా మాతో కలిసి కలుపు తీసినవాడు ఇవాళ తెల్లచొక్కా వేసుకుని ఎవరికో గట్లు చూపిస్తూ కనబడేవాడు.

మాకు ఊరి బయట మూడెకరాల చెలక ఉండేది. బావి, బర్రెల కొట్టం అక్కడే. ఇల్లు ఊళ్లో. పొద్దున్నే బర్రెల పాలు పిండి, క్యాన్లు బైకుకు కట్టుకుని మొయినాబాద్ పాలకేంద్రంలో పోసి రావడం నా పని. డిగ్రీ తప్పి ఇంట్లో కూర్చున్నవాడికి అంతకంటే పెద్ద పని ఎవరిస్తారు? రోడ్డు నుంచి మా చెలకకు ఎడ్లబండి బాట ఒకటి ఉండేది. పక్కవాళ్ల పొలం అంచు మీదుగా పోయేది. తాత కాలం నుంచి ఎరువు ఆ బాటనే లోపలికి పోయింది, పంట ఆ బాటనే బయటికి వచ్చింది. దాని కోసం ఎవరూ ఎవరినీ అడిగింది లేదు.

పక్కవాళ్లు పొలం అమ్మేశారు. కొన్న ఆయన కోస్తా నుంచి వచ్చి నగరంలో స్థిరపడ్డ మనిషి, కంప్యూటర్ల కంపెనీలో పెద్ద ఉద్యోగం. మేం తోట సారు అనేవాళ్లం. మొదటి ఎండాకాలంలోనే చుట్టూ ఎత్తుగోడ కట్టించి, మా బాటను గోడ లోపలికి వేసుకుని, దాని మూతికి గేటు పెట్టాడు. బాపు వెళ్లి అడిగితే ఎంతో మర్యాదగా కుర్చీ వేయించాడు.

"అయ్యో, మిమ్మల్ని నేనెందుకు ఆపుతానండీ? బెల్లు కొట్టండి, మావాడు గేటు తీస్తాడు" అన్నాడు.

ఆ మర్యాదే నాకు మండింది. బెల్లు కొట్టి పోవడమంటే అడుక్కుని పోవడం. పైగా వాచ్‌మన్ లేచి గేటు తీసే సరికి పాల వ్యాను వెళ్లిపోయేది. నాలుగుసార్లు పాలు వెనక్కి తెస్తే పెరుగు తోడేసింది అవ్వ. "ఇగ ఊరందరికీ నువ్వే మజ్జిగ పొయ్యి కొడుకా" అంది. నాకు నవ్వు రాలేదు.

పంచాయితీ పెట్టించాం. ఇరువైపులా చుట్టరికం లేని మనిషి ఉండాలని ముడిమ్యాల నుంచి ఒక పెద్దమనిషిని పిలిపించారు. గోడకూ వాగుకూ మధ్య కొంత జాగా ఖాళీగా మిగిలి ఉంది, కానీ కాగితాల్లో అదీ తోట సారుదే. అక్కడ కూడా కంచె వేస్తానని ఆయన అంటున్నాడు. పెద్దమనిషి గోడ చూశాడు, వాగు చూశాడు, బాపు మొహం చూశాడు.

"కట్టిన గోడను కూలగొట్టుమనలేం. వాగు పక్కపొంటి నడువుర్రి. ఈ వానకాలమంతా నడిస్తే బాట ఉన్నట్టు, నడువకపోతే లేనట్టు. కంచె ముచ్చట వానలైనంక మాట్లాడుదాం" అన్నాడు.

మా దగ్గర అలాగే ఉండేది. కాగితం ఎవరిదైనా, మనుషులు నడిచే చోటును మూయొద్దని పెద్దలు చెప్పేవాళ్లు. నడక ఆగిందా, చెప్పడానికి ఎవరి దగ్గరా ఏమీ ఉండదు. మూడెకరాలకు బాట పోతే ఆ చెలకను చివరికి తోట సారుకే, ఆయన అడిగిన రేటుకే ఇవ్వాల్సి వస్తుందని బాపుకు తెలుసు, నాకు తెలుసు, ఆయనకు ఇంకా బాగా తెలుసు.

అందుకే ఆ వానకాలం ఒక్క పొద్దు కూడా తప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను. తొలి వాన పడిన మర్నాడే గోడ మూల దగ్గర పడ్డాను.

వాగు పక్క నేల నల్లరేగడి. తడిస్తే వెన్నముద్ద. నా బైకు బాపు కొన్న పాత టూ స్ట్రోక్. దాని వెనుక టైరు సైకిల్ టైరుకు పెద్దన్నలా ఉండేది, అంతే. బురదలో అది అటు జారింది, నేను ఇటు జారాను, క్యాన్ల మూతలు ఊడి పాలు వాగులోకి పోయాయి. లేచి చూస్తే గోడ లోపల కట్టుకున్న మేడ బాల్కనీలో తోట సారు, చేతిలో కాఫీ కప్పు.

"దెబ్బ తగిలిందా బాబూ? అంత సన్న టైరుతో బురదలో ఎలా వెళ్తావు? ఎందుకొచ్చిన అవస్థ, బెల్లు కొట్టొచ్చుగా" అన్నాడు.

నవ్వి ఉంటే అక్కడికక్కడే ఒక రాయి విసిరి ఊరుకునేవాణ్ణేమో. ఆయన నవ్వలేదు, జాలిపడ్డాడు. ఆ జాలి నా ఒంటి మీద బురదకంటే గట్టిగా అంటుకుంది. టైరు సన్నమన్నావు కదా, ఉండు, నీ గోడ పక్కన నీ కళ్లముందే ఎంత లావు టైరు తిప్పుతానో చూడు అనుకున్నాను. అనుకోవడమేంటి, బైకు తోసుకుంటూ దారి పొడుగునా పైకే అన్నాను.

ఆ రోజుల్లో కొత్త బైకులకు వెనుక లావు టైర్లు వస్తున్నాయి. కంపెనీ క్యాబులు దాటుకుంటూ ఆ బైకుల మీద కుర్రాళ్లు చిలుకూరు దిక్కు దూసుకుపోయేవాళ్లు. మొయినాబాద్‌లో ఒక టైర్ల షాపులో అలాంటిది పాతది దొరికింది. గాడులు ఇంకా లోతుగానే ఉన్నాయి. దాన్ని మెడలో వేసుకుని బస్సెక్కి చేవెళ్ల వెళ్లాను. కండక్టరు టికెట్ నాకొకటి, టైరుకొకటి కొట్టాడు. ఆయన మీద కూడా నాకింకా కోపం ఉంది.

చేవెళ్లలో మా మెకానిక్ షాపు. బైకును ముందురోజే అక్కడ వదిలి వచ్చాను. బోర్డు మీద ఒక పక్క "పంక్చర్లు వేయబడును", ఇంకో పక్క "ప్లాట్లు అమ్మబడును". టైరు చూడగానే ఆయన దాని మీద చెయ్యి వేసి దువ్వాడు.

"ఫికర్ చెయ్యకు తమ్మీ. పెండ్లిపిల్లగాని లెక్క చేసిస్త నీ బండిని" అన్నాడు.

మొదట టైరు పాత రిమ్ముకు ఎక్కలేదు. లావు మనిషికి చిన్న చొక్కా తొడిగినట్టు రెండు అంచులూ లోపలికి ముడుచుకుపోయాయి. ఇనుప పట్టీలతో బలవంతంగా ఎక్కించబోతే లోపల ట్యూబు కొరుక్కుపోయింది. గాలి కొడితే ఒక పక్క ఉబ్బి, ఇంకో పక్క లోపలికి పోయి, చక్రం గర్భం దాల్చిన పాములా తయారైంది. వెడల్పు రిమ్ము కావాలన్నాడు. పాత సామాన్ల షాపులో వెతికి తెచ్చాను. పాత చక్రం పుల్లలు, అంటే స్పోకులు, దానికి పొట్టి. కొత్త పుల్లలు తెచ్చాను. ఆయన పుల్లలు అల్లడం మొదలుపెట్టి, సగంలో ఫోను రాగానే లేచి చేతులు తుడుచుకున్నాడు.

"పార్టీ వచ్చింది. జర జాగ చూపిచ్చి ఇట్ల పోయి అట్ల వస్త."

సాయంత్రం దాకా రాలేదు. బైకు వెనుక చక్రం లేకుండా ఇటుకల మీద కూర్చుని ఉంది, దాని పక్కన నేనూ కూర్చున్నాను. అటు మా చెలకలో పాలు ఎలా బయటికి వస్తున్నాయంటే, బాపు తలమీద క్యాను పెట్టుకుని మోకాలి లోతు బురదలో నడిచి రోడ్డెక్కి, ఆటో పట్టుకుని మొయినాబాద్ పోతున్నాడు. నా ఒట్టును ఆయన తన కాళ్లతో నిలబెడుతున్నాడు. అది తలుచుకున్నకొద్దీ తోట సారు కాఫీ కప్పు కళ్లముందు ఇంకా పెద్దదైంది.

మర్నాడు మెకానిక్ తీరిగ్గా వచ్చి, పుల్లలు బిగిస్తూ, మాటల్లో మాటగా చెప్పాడు.

"కనకమామిడి దిక్కు తెల్లగోడ తోట చూసినవా? ఆ సారుకు ఆ పొలం కొనిపిచ్చింది నేనే. మంచి మనిషి."

నా చేతిలో స్పానర్ ఉంది. ఆయన తల నా ముందే వంగి ఉంది. ఎంత సులువో ఒక్క క్షణం లెక్క కట్టుకున్నాను. కానీ పగ తీర్చుకుందామంటే చక్రం ఆయన చేతుల్లోనే ఉంది. స్పానర్ అందించాను. పని పూర్తయ్యాక నీ సంగతి చూస్తా అనుకున్నాను. తర్వాత చూశాను కూడా: మా ఊరి నుంచి ఒక్క బండి కూడా ఆయన షాపుకు పోకుండా, ఆయన బిగించిన బోల్టులు దారిలో రాలిపోతాయని ఇంటింటికీ చెప్పాను. అది అబద్ధం కూడా కాదు.

చక్రం ఎక్కించాం. తిరగలేదు. వెనుక చక్రాన్ని పట్టుకునే ఇనుప చేతికి ఒక పక్క టైరు రాసుకుంటోంది. వాషర్లు వేసి చక్రాన్ని పక్కకు జరిపాం. అటు జరిపితే చైను వంకర పోయింది. చైను తిన్నగా పెడితే టైరు చైను కవరును కొరుకుతోంది. కవరు పీకేశాం. ఆ పక్కన బ్రేకు కడ్డీ తగిలింది. దాన్ని కాల్చి వంచాం. ఇక అంతా అయిపోయిందనుకుని కూర్చుని కిక్కు కొడితే, నా బరువుకు బైకు కిందికి దిగి టైరు మడ్‌గార్డుకు పట్టేసింది. రంపంతో మడ్‌గార్డు సగం కోసేశాం. బాపు ముచ్చటపడి కొనుక్కున్న బండి అది. రంపం కింద ఆ నల్లరంగు రాలుతుంటే నాకు బాధ వేసింది, కానీ ఆ బాధను కూడా తోట సారు పద్దులోనే రాసుకున్నాను.

చేవెళ్ల నుంచి వస్తుంటే మధ్యలో చైను ఊడింది. ఎక్కించాను. సురంగల్ మలుపు దాటాక మళ్లీ ఊడింది. మళ్లీ ఎక్కించాను. చేతులకు గ్రీసు, మొహానికి గ్రీసు. కానీ గోడ మూల తిరిగి నల్లరేగడిలోకి దిగినప్పుడు ఆ టైరు నేలను పట్టుకున్న పట్టు ఉంది చూశారా, అది నా ఒంట్లో పాకింది. జారలేదు. పక్కకు తొలగలేదు. గుర్రుగుర్రుమంటూ బురదను నమిలి వెనక్కి ఉమ్మింది. మడ్‌గార్డు సగమే కదా, ఉమ్మిందంతా పైకి లేచి తెల్లగోడ మీద పడింది.

ఆ నల్లటి మరకలు చూసి నేను పండగ చేసుకున్నాను. మర్నాడు సైలెన్సర్ లోపలి గొట్టం కూడా పీకేశాను. పొద్దున్నే, బాల్కనీ కిందికి వచ్చేసరికి గేరు తగ్గించి, యాక్సిలరేటర్ మొత్తం తిప్పేవాణ్ణి. కాకులు లేచేవి, కుక్కలు లేచేవి, తోట సారు లేచేవాడు.

"కాస్త మెల్లగా బాబూ, పిల్లలు పడుకున్నారు" అన్నాడు ఒక ఆదివారం.

"బాట సార్. నడువకపోతే పోతదంట" అన్నాను.

ఆయన గోడకు సున్నం వేయించాడు. వేయించిన మర్నాడే వాన పడింది, నేను రెండుసార్లు ఎక్కువ తిరిగాను. మళ్లీ వేయించాడు. మళ్లీ తిరిగాను. ఆ రెండు నెలలు నేను బతికినంత సంతోషంగా మళ్లీ ఎప్పుడూ బతకలేదని చెప్తే మా ఆవిడ ఇప్పటికీ మూతి ముడుస్తుంది.

బాపు మాత్రం ఒకరోజు బావి దగ్గర నన్ను ఆపాడు. ఎండాకాలంలో ఎరువు తోలిన ఎడ్లబండి కొట్టం పక్కనే ఉంది, ఎడ్లూ అక్కడే కట్టి ఉన్నాయి. పంట కోతకు వచ్చేదాకా దాన్ని బయటికి తీసే పని లేదు.

"వారానికొక్కపారన్న ఎడ్లబండి కొట్టుకపోదాం బిడ్డా. ఉత్తదైనా సరే, గీరలు పడాలె" అన్నాడు. గీరలంటే చక్రాల జాడలు.

నాకు నవ్వొచ్చింది. "ఉత్త బండి కొట్టుకుంట పోతే ఆ సారు కాఫీ తాక్కుంట నవ్వుతడు బాపూ. ఎడ్ల కాళ్లు ఇరుగుతయి గా బురదల. నేను రోజు పోతున్నగద? బాట నిలబడ్డది. ఫికర్ చెయ్యకు."

బాపు ఎడ్ల వైపు చూశాడు. పెద్ద ఎద్దుకు అప్పటికే గిట్ట నొప్పి. "గంతేనంటవా" అని ఊరుకున్నాడు.

వానలు తగ్గాక పెద్దమనుషులు వచ్చారు. నేను గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బైకు కడిగి రోడ్డు మీద నిలబెట్టాను. తోట సారు అందరికీ కుర్చీలు వేయించాడు, టీ ఇప్పించాడు. బాపు కూర్చోలేదు, టీ ముట్టలేదు. ముడిమ్యాల పెద్దమనిషి వాగు పక్క చివరిదాకా నడిచి తిరిగి వచ్చాడు.

"పిలగాడు మాట నిలబెట్టుకున్నడు. బాట ఉన్నది. దీన్ని మూసుడు కుదురదు సార్" అన్నాడు.

నేను తోట సారు మొహంలోకే చూస్తున్నాను. అది మాడిపోతుందని ఎదురుచూస్తున్నాను. ఆయన చక్కగా తల ఊపాడు.

"నేనెందుకు కాదంటానండీ? రోజూ వెళ్తున్నాడు, వచ్చినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను. ఎంత వెళ్తున్నాడో అంత వదిలేస్తాను. అక్కడినుంచి కంచె వేసుకుంటాను. అంతే కదా న్యాయం?"

అందరం కిందికి చూశాం. గోడ పక్క నేల మీద గట్టిపడిన చారిక ఒకటే ఉంది. నల్లగా, నున్నగా, ఒక టైరు వెడల్పున. నేను ఎంత ముచ్చటపడి వేసుకున్న చారికో. దానికి అటూ ఇటూ మోకాలెత్తు గడ్డి. ఎడ్లబండి గీరలు రెండు ఉండాలి, ఒక్కటి కూడా లేదు.

"మరి ఎడ్లబండి?" అన్నాడు బాపు.

పెద్దమనిషి ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు. "అన్నా, వానకాలం నడిచినట్టు గీర కనబడాలెగద. ఏడ చూపియ్యమంటవు? నడిచిందా?"

నేను గట్టిగా అరిచాను. ఎండాకాలం ఎరువు తోలినం అన్నాను, తాత కాలం నుంచి పోతున్నం అన్నాను, తోట సారును అనరాని మాటలన్నాను. ఆయన నాకు మంచినీళ్లు తెమ్మని వాచ్‌మన్‌కు సైగ చేశాడు. పెద్దమనుషులు బైకు హ్యాండిల్ వెడల్పు కట్టెతో కొలిచి, అటూ ఇటూ జానెడు కలిపి హద్దు గీశారు. నా చేతనే బైకును మధ్యలో నిలబెట్టించి కొలిచారు.

వారం తిరక్కుండా రాతి కడీలు పాతి, తీగ లాగేశారు. మా కళ్లముందే బాట సందు అయింది. బెల్లు కొట్టి గేటు దారిన పోవడం చచ్చినా మా వల్ల కాదు. పంట మనుషుల తలల మీద బయటికి వచ్చింది. ఎడ్లబండి కొట్టం పక్కనే ఉండిపోయింది, దాన్ని విప్పి ముక్కలు చేస్తే తప్ప బయటికి రాదు. బండి లేనప్పుడు ఎడ్లకు గడ్డి ఎందుకని బాపు వాటిని అమ్మడానికి అంగడికి తోలుకుపోదామన్నాడు.

ఆ పొద్దు ఎడ్లను సందు దగ్గరికి తెచ్చాడు. అవి పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి కాడి కింద పక్కపక్కనే నడిచినవి. ఒకటి ముందు, ఒకటి వెనుక నడవడం వాటికి రాదు. రెండూ ఒకేసారి సందులోకి రాబోయి, కడీకి డొక్కలు రాసుకుని, వెనక్కి తగ్గాయి. బాపు ఒకదాన్ని లాగితే రెండోది అరిచింది, మొదటిది మెడ తిప్పి ఆగిపోయింది. అదిలించాడు, బతిమాలాడు, పలుపుతో కొట్టాడు కూడా. నా ఎరుకలో ఆయన ఎడ్లను కొట్టింది ఆ ఒక్కసారే. బాల్కనీలో ఎవరో నిలబడ్డట్టు నాకు తెలుస్తూనే ఉంది, తల ఎత్తలేదు.

ఎత్తితే ఏదో ఒకటి చేసి ఉండేవాణ్ణి. ఏం చేయాలో వరసగా మనసులో సిద్ధంగానే ఉన్నాయి. ఆయన గడ్డివాముకు అగ్గి, ఆయన కారుకు గీతలు, ఆయన బావిలో ఎండ్రిన్ విషం. ఒక్కొక్కటీ ఎంతో బాగున్నాయి.

బాపు చెమట తుడుచుకుని నా వైపు తిరిగాడు. ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నేను ఎదురు మాట్లాడి తేలిక పడేవాణ్ణి.

"నువ్వు సైకిల్ మోటర్ ముంగట నడిపియ్యి బిడ్డా. రోజు దాని సప్పుడు ఇంటున్నయిగద, దాని ఎనుక వస్తయేమో" అన్నాడు.

కిక్కు కొట్టాను. మొదటి గేరులో, కాళ్లు కింద ఆనించుకుంటూ, ఆ గోడ పక్కనే మెల్లగా నడిపాను. ఎడ్లు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి.